కిందపడిన డిస్కుకు ఫ్రీజర్ వైద్యం వద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి చిట్కాలు చదివాను. వెండి కుందులు తళతళలాడడానికి ఏం చేయాలి, దోసె పెనానికి అంటుకోకుండా ఏం చేయాలి అన్నవాటి మధ్య ఇంకో చిట్కా వేశారు. కిందపడి పనిచేయని హార్డ్ డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచితే మళ్లీ పనిచేస్తుందట. దోసె చిట్కా మా ఇంట్లో చేసి చూశాం, బాగుంది. డిస్కు చిట్కా కూడా చేసి చూసినవాడినే. మీరు అచ్చు వేయకముందే, 2023 మే నెలలో, ఎవరో చెప్పగా విని చేశాను. దాని ఫలితం చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడవైంది. కావలసిన చోట కత్తిరించుకోండి గానీ ఫ్రీజర్ సంగతి మాత్రం కత్తిరించకండి.

నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క సంవత్సరాలు కండక్టర్‌గా చేసి 2017లో రిటైరయ్యాను. తిరుపతి జీవకోనలో ఇల్లు. కంప్యూటర్ విద్య నాకు లేదు. ఉన్నదల్లా భారతం పిచ్చి. మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మీ పత్రిక రాష్ట్రమంతా వెళ్తుంది కాబట్టి చెబుతున్నాను. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎండాకాలం వచ్చిందంటే ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టి తెల్లవారేదాకా వీధి నాటకం. బకాసురుడికి బండి కడతారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు పొద్దున, నేల మీద మట్టితో పోసిన దుర్యోధనుడి తొడను భీముడు పగలగొడతాడు, సాయంత్రం భక్తులు నిప్పులు తొక్కుతారు. 2022లో జిల్లాను ముక్కలు చేశారు గానీ భారతాన్ని ఎవరూ పంచలేదు. అప్పుడు నగరి ఒక జిల్లాలో, పుత్తూరు ఇంకో జిల్లాలో పడ్డాయి, ద్రౌపదమ్మ మాత్రం రెండు చోట్లా ఒకటే.

2006లో మా ఆర్టీసీ ఉద్యోగుల పరపతి సంఘం సీసీఎస్‌లో అప్పు పెట్టి చిన్న హ్యాండీక్యామ్ కొన్నాను. ‘పిల్లకు గాజులు చేయించమంటే ఇది తెచ్చారా’ అని మా ఆవిడ నెల రోజులు మాట్లాడలేదు. పల్లెల్లో రాత్రి నిలిచే నైట్‌హాల్ట్ సర్వీసులు ఎవరికీ ఇష్టం ఉండవు. దోమలు, కటిక బెంచీలు, పొద్దున్నే నాలుగున్నరకు బండి తీయాలి. ఎండాకాలంలో నేను మాత్రం అడిగి మరీ వేయించుకునేవాడిని. ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో భారతం జరుగుతుంటే బండి కట్టేసి, క్యాష్ సంచి నడుముకు కట్టుకుని, కెమెరా తీసుకుని వెళ్లేవాడిని. 2012 దాకా చిన్న టేపుల మీద తీశాను, నలభై ఒక్క టేపులు. తర్వాత కార్డు కెమెరా వచ్చింది, దాంతో 2019 దాకా. నేను తీసిన హరిదాసుల్లో, వేషగాళ్లలో ఇప్పుడు చాలామంది లేరు.

2015లో మా మేనల్లుడు ఆ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టాడు. టేపు గంటది అయితే ఎక్కించడానికీ గంటే పడుతుంది, తొందర పెట్టడానికి వీల్లేదు. ఒక్కో గంట 13 జీబీ. అన్నీ ఒక్క చోట ఉండాలని ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు కొన్నాను. కంప్యూటర్‌కు తగిలిస్తే 931 జీబీ అని చూపించింది. మోసం చేశారని దుకాణం వాడితో గొడవ పడ్డాను. పెట్టె మీద వెయ్యితో లెక్కిస్తారు, కంప్యూటర్ 1,024తో లెక్కిస్తుంది, తేడా అంతే, అందులో మోసం లేదని తర్వాత తెలిసింది. టేపులు, కార్డు వీడియోలు అన్నీ కలిపి 731 జీబీ అయ్యాయి. అన్నీ ఎక్కాక హ్యాండీక్యామ్ పాడైంది, టేపులు ఇక ఎందుకని పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఈ ఉత్తరంలో ఎవరినైనా తిట్టాలంటే మొదట తిట్టవలసింది ఆ రోజు నన్ను.

మా రోజుల్లో కండక్టర్‌కు లెక్క ఎక్కడ ఉండేదో తెలియనివాళ్లకు చెబుతాను. సంచిలో డబ్బు ఉండేది. ట్రేలో మిగిలిన టికెట్ల నంబర్లు ఉండేవి. ప్రతి స్టేజీ దగ్గర ఎస్‌ఆర్ కాగితం మీద ఆ నంబర్లు రాసుకునేవాళ్లం. ఒకటి చెడినా మిగిలిన రెండింటితో లెక్క నిలబెట్టగలిగేవాళ్లం. చెకింగ్ ఇన్‌స్పెక్టర్ బస్సెక్కితే మొదట అడిగేది ఆ కాగితమే. ముప్పై ఒక్క ఏళ్లు పది రూపాయల టికెట్టుకు మూడు చోట్ల లెక్క పెట్టినవాడిని, పదమూడేళ్ల భారతాన్ని ఒక్క డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను టీవీ స్టాండు అంచున పెట్టాను.

అది పడింది నా కాలికి వైరు తగిలే. మనవళ్లు, పిల్లులు ఎవరూ కారణం కాదు. టీవీకి తగిలించి నాటకం చూస్తూ ఫోను మోగితే లేచాను. రెండడుగుల ఎత్తు కూడా ఉండదు, గచ్చు నేల మీద పడింది. ఆఫ్‌లో ఉన్నప్పుడు పడి ఉంటే బతికేదేమో. తిరుగుతూ ఉండగా పడింది, అక్కడే వచ్చింది చేటు.

ఎందుకో ఆ తర్వాత ఒక పిల్లవాడు నాకు వివరించాడు. మూత కింద అద్దంలాంటి పళ్లేలు ఉంటాయి. నా డిస్కులో అవి నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి. రెండున్నర అంగుళాల పళ్లెం అంచు దగ్గర అది ఎంత వేగమో లెక్క కడితే గంటకు 60 కిలోమీటర్లు దాటింది. మా ఎక్స్‌ప్రెస్ బస్సంత వేగం. దాని మీద చదివే హెడ్డు పళ్లేనికి తగలకుండా గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. మధ్య ఎడం కొద్ది నానోమీటర్లే. తల వెంట్రుక దానికి కొన్ని వేల రెట్ల మందం. అంత సందులో నడుస్తున్న బండిని ఎత్తి గచ్చు మీద వేశాను.

తీసి మళ్లీ తగిలిస్తే టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు అని, ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. వంటింట్లోంచి మా ఆవిడ, ‘ఏమండీ, బల్లి ఇంతసేపు పలుకుతోందేమిటి?’ అంది. అది బల్లి కాదు. హెడ్డు పళ్లెం మీద తన గుర్తులు వెతుక్కుంటూ, దొరక్క వెనక్కి వెళ్లి, మళ్లీ వెతుక్కునే చప్పుడు. ఆ చప్పుడు వినగానే వైరు పీకేసి ఉంటే సగం కథ మిగిలేది. నేను పీకి పెట్టి, పీకి పెట్టి, పదిహేనుసార్లు ప్రయత్నించాను. ఇంకో పోర్టు, ఇంకో వైరు, పక్కింటి ల్యాప్‌టాప్. స్టార్ట్ కాని బస్సును తోసినట్టు తోశాను. వంగిన హెడ్డు ప్రతిసారీ పళ్లేన్ని గీకుతూ పోయింది.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఒకాయన ఫ్రీజర్ మాట చెప్పాడు. ‘మా బావమరిది డిస్కు అలాగే బాగుపడింది’ అన్నాడు. నిజమే కావచ్చు. పాతకాలపు డిస్కుల్లో కొన్నింటికి బేరింగు పట్టేసి ఉంటే, చల్లబడి లోహం కాస్త ముడుచుకుని ఒకటి రెండు గంటలు కదిలేవట. ఆ మాట అలా నోటికి నోటికీ పాకి మా జీవకోన టీకొట్టు దాకా, మీ అనుబంధం దాకా వచ్చింది. సంచిలో చుట్టి, ఐసు ట్రే పక్కన, పచ్చి బఠానీల మీద పెట్టాను. పొద్దున ఆరున్నరకు తీశాను. మే నెల తిరుపతి మీకు తెలుసు, ఆరున్నరకే ఉడుకుతుంది. రెండు నిమిషాల్లో, చల్ల మజ్జిగ పోసిన చెంబుకు చెమట పట్టినట్టు డిస్కు చుట్టూ నీటిబొట్లు. తుండుగుడ్డతో బయట తుడిచాను. లోపల ఎవరు తుడుస్తారు? ఆ డబ్బా మనం అనుకున్నట్టు గట్టిగా మూసి ఉండదు. గాలి ఒత్తిడి సరిపోవడానికి మూత మీద చిన్న రంధ్రం, దాని కింద వడపోత గుడ్డ ఉంటాయి. దాన్ని మూయవద్దని మూత మీదే రాసి ఉంటుంది కూడా. ఆ రంధ్రం గుండా వెళ్లిన గాలిలోని తేమ అద్దంలాంటి పళ్లేల మీద కూర్చుంటుంది. హెడ్డుకు ఆ చుక్క కొండతో సమానం. తగిలించాను. టిక్ టిక్ పోయి గర్‌ర్ అని కొత్త చప్పుడు మొదలైంది.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే ఇంకో మాట. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వానల్లో మా వీధి చివరింటి ఆయన కంప్యూటర్‌లోకి బురద నీళ్లు పోయాయి. ఆయన డిస్కును ఎండలో ఆరబెట్టి, జుట్టు ఆరబెట్టే మిషనుతో ఊది, స్విచ్చి వేశాడు. అయిపోయింది. తడిసిన డిస్కుకు కరెంటు ఇవ్వకూడదు, ఎండబెట్టకూడదు కూడా. నీరు ఆరితే బురద పళ్లేనికి కరుచుకుంటుంది. తడి తడిగానే సంచిలో బిగించి తెలిసినవాళ్ల దగ్గరికి పంపాలట. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే ఆ బియ్యం వండుకోవడం మేలు.

మర్నాడు ఒక దుకాణానికి వెళ్లాను. ఊళ్లోదే, పేరు రాయను. కౌంటరు మీద, తిరిగే ఫ్యాను కింద, ‘మూత తీసి చూద్దాం సార్’ అన్నాడు. నక్షత్రంలా మొన ఉన్న చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆరు మరలు విప్పాడు. ఏడోది లేబులు కింద ఉంది, దాన్నీ గోరుతో చింపి విప్పాడు. మూత లేచింది. జీవితంలో మొదటిసారి డిస్కు లోపల చూశాను. నా ముఖం కనిపించింది అందులో, అంత నునుపు. ఆ నునుపు మీద అంచుకు దగ్గరగా బూడిదరంగు వలయం ఒకటి, పెన్సిల్‌తో గీసినట్టు. ‘గీత పడింది సార్’ అని చెప్పడానికి ఆ కుర్రవాడు వేలు పెట్టబోయాడు. చేయి పట్టుకున్నాను. వేలు ఆగింది, ధూళి ఆగుతుందా? ఫ్యాను తిరుగుతూనే ఉంది. నానోమీటర్ల సందులోకి మా బజారు దుమ్ము. రెండు వందలు తీసుకుని రసీదు ఇచ్చాడు. వెనక చిన్న అక్షరాల్లో ‘డేటాకు మా బాధ్యత లేదు’ అని ఉంది. మూత తీయకముందు చదివి ఉండవలసింది.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. వాడికి స్క్రీన్లు, కీబోర్డులు మార్చడం వచ్చు, చేతనైన పని చేయబోయాడు. నా ఫిర్యాదు వేరు. మరమ్మతు దుకాణాలవాళ్లు మూత తీసేముందు ఒక్క మాట చెప్పాలి: ఇక్కడ తీస్తే తర్వాత పోయిన డేటా వెలికితీసే ల్యాబువాళ్లకు పని రెండింతలవుతుంది, ఖర్చు పెరుగుతుంది, తీయమంటారా వద్దా అని. సంతకం తీసుకుని తీయాలి. కంటి డాక్టరు కూడా ఆపరేషన్‌కు ముందు సంతకం తీసుకుంటాడు కదా.

పక్కింట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లవాడు ఉన్నాడు. ఈ గోల అంతా గోడ అవతల నుంచి విని వచ్చాడు. డిస్కు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు, తగిలించలేదు. ‘తాతా, ఇంక దీనికి కరెంటు ఇవ్వకండి. ఎవరు చెప్పినా సరే’ అన్నాడు. మూడు రోజుల్లో నాకు దొరికిన మొదటి సరైన సలహా అది. కంప్యూటర్ తెలిసినవాళ్లు నా చుట్టూ అంతమంది ఉండగా ‘ఏమీ చేయవద్దు’ అని చెప్పినవాడు ఆ ఒక్కడే.

డిస్కుకు వచ్చే రోగాలు ఒకటి కాదని వాడే చెప్పాడు. చప్పుడు మారితే, తిరగకపోతే అది లోపలి అవయవాల జబ్బు. ఇంట్లో వైద్యం లేదు, ల్యాబుకే వెళ్లాలి. తిరుగుతోంది, కనిపిస్తోంది, కానీ నత్తలా చదువుతోంది, మధ్యలో ఆగుతోంది అంటే పళ్లెం మీద అక్కడక్కడా చెడిన చోట్లు ఉన్నాయన్న మాట. దానికి ఇంట్లో చేయదగిన పని ఉంది. డిస్కు బాగానే ఉంది, ఫైళ్లే చెరిపేశాం అంటే అది ఇంకో కథ. మూడింటికీ ఒకే మందు వేసేవాళ్లతోనే ప్రమాదం.

కిందపడిన దాన్ని తుండుగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని చెన్నై బస్సెక్కాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఎందరినో ‘సామాను పైన పెట్టండి’ అని కసిరినవాడిని, ఆ రోజు కండక్టరు నా ఒళ్లోది పైన పెట్టమంటే పెట్టలేదు. చెన్నైలో ల్యాబు గాజు గదిలో ఉంది, ధూళి లేకుండా వడకట్టిన గాలి. అచ్చంగా అదే మోడల్, అదే కాలపు డిస్కు ఒకటి వెతికి, దాని హెడ్లు తీసి దీనికి వేస్తామన్నారు. ‘డిస్కు కింద ఉండే పచ్చ సర్క్యూట్ బోర్డు మార్చేస్తే సరిపోదా?’ అని నా తెలివి చూపించాను. ఆ బోర్డు మీద చిన్న చిప్పులో ఆ డిస్కుకు మాత్రమే సరిపడే కొలతలు రాసి ఉంటాయట, ఇంకోదాని బోర్డు ఊరికే తగిలిస్తే దీని భాష దానికి రాదట. గ్యారంటీ కార్డు చూపించబోతే వాళ్లు నవ్వలేదు, అది వాళ్ల మంచితనం. గ్యారంటీ కింద కంపెనీవాళ్లు కొత్త డబ్బా ఇస్తారు, అందులోని భారతం ఇవ్వరు. ఐదు వారాలు పట్టింది. ఇరవై ఎనిమిది వేలు అయింది. 731లో 412 జీబీ వచ్చింది. గీత పడిన చోటివి పోయాయి. మూత తీయకుండా, ఫ్రీజర్‌లో పెట్టకుండా తెచ్చి ఉంటే ఇంకా వచ్చేవని వాళ్లు అన్నారు. ఎంత వచ్చేవని అడిగే ధైర్యం లేకపోయింది.

అంతలో మా మేనల్లుడికి గుర్తొచ్చింది. టేపులు ఎక్కించిన రోజుల్లో మొదటి పంతొమ్మిది టేపులు తన పాత ల్యాప్‌టాప్‌లోనే ఉంచాడట. అటక మీద బొంత కింద దొరికింది. డిస్కు తిరుగుతోంది, ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, కానీ ఒక్క వీడియో తెరవడానికి పావుగంట. అల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. ఫోనులో ‘మామయ్యా, చెక్‌డిస్క్ కొట్టండి, సరిచేసేస్తుంది’ అన్నాడు. నొక్కబోతుంటే పక్కింటి పిల్లవాడు మళ్లీ అడ్డుపడ్డాడు. ఆ ప్రోగ్రాం ఫైళ్ల పట్టికను సరిచేయడానికి డిస్కు మీదే రాస్తుంది, ఒకసారి రాసినదాన్ని వెనక్కి తీసుకోలేం. చావుబతుకుల్లో ఉన్న డిస్కును మొదట చదవాలే గానీ దాని మీద రాయకూడదు. ‘ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అని కంప్యూటర్ తనంతట తాను అడిగినా ఒప్పుకోకూడదు. అల్లుడికి ఆ మాట నేను చెప్పలేదు, మా ఆవిడ చెప్పింది.

పిల్లవాడు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం పెట్టాడు. ఉచితం. దాని పని తీరు నాకు భలే నచ్చింది, కొత్త కండక్టర్లకు నేర్పవలసిన పద్ధతి. నిండు బస్సులో ముందు చిల్లర సిద్ధంగా పెట్టుకున్నవాళ్లకు టికెట్లు కొట్టేయాలి. ఐదువందల నోటు తీసినవాడి దగ్గర ఆగకూడదు, వాణ్ని తర్వాత చూసుకోవాలి. ఇది కూడా అంతే. సులభంగా చదవగలిగిన చోట్లన్నీ ముందు చదివి కొత్త డిస్కు మీదికి యథాతథంగా దించుతుంది. మొండికేసిన చోట్లను దాటేసి, చివర్లో మళ్లీ వచ్చి కొంచెం కొంచెంగా చదువుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటూ పోతుంది, అచ్చం ఎస్‌ఆర్. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. వచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టకుండా ఆగిన చోటి నుంచి అందుకుంది. రెండు రాత్రులు, ఒక పగలు. టేబుల్ ఫ్యాను డిస్కుకు పెట్టి మేం విసనకర్రతో పడుకున్నాం. చివరికి అది చదవలేకపోయింది 212 ఎంబీ మాత్రమే. ఆ తర్వాత పనంతా ఆ నకలు మీదే, అసలు దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

పాత కెమెరా కార్డు 32 జీబీది ఒకటి ఉంది. దాన్ని చెరిపి మళ్లీ వాడాం కాబట్టి ఆశ లేదనుకున్నాను. చెరిపితే పోయేది ముందు పట్టికలోని పేరే, దాని మీద కొత్తది పడేదాకా అసలుది కింద ఉంటుందట. ఫొటోరెక్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాం పట్టికతో పని లేకుండా, ఫొటోకు, వీడియోకు మొదట్లో ఉండే గుర్తులను బట్టి కార్డంతా జల్లెడ పడుతుంది. 340 ఫైళ్లు వచ్చాయి. వచ్చాయంటే ఏమిటి, ఒక్కదానికీ పేరు లేదు. ఎఫ్ అక్షరం, వెనక అంకెలు. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ రాత్రి, ఏమీ లేదు. ముక్కలు ముక్కలుగా నిల్వ అయిన పెద్ద వీడియోలు కొన్ని తెరుచుకోనే లేదు.

ఆ 340కీ పేర్లు పెట్టడానికి ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక వానాకాలం పట్టాయి. ముఖాలు చీకట్లో తెలిసేవి కావు. హార్మోనియం శ్రుతి బట్టి కొన్ని పట్టుకున్నాను. ఒక మేళంలో ఆయనది కాలితో తొక్కే పెట్టె, తొక్కినప్పుడల్లా కీచుమంటుంది. వెనక తెర మీద బొమ్మ బట్టి కొన్ని. ఒకదానిలో ఏ గుర్తూ దొరక్క వదిలేయబోతుంటే దూరంగా బస్సు హారన్ వినిపించింది. అది మా డిపో బండి. ఆ హారన్ గొంతు బొంగురుపోయిందని నేనే మూడుసార్లు రిపోర్టు రాశాను. ఊరు, సంవత్సరం రెండూ దొరికాయి.

పోయినవాటిలో నన్ను వదలనిది ఒకటి ఉంది. పుత్తూరు వైపు ఒక పల్లెలో 2011లో తీసిన అర్జునుడి తపస్సు. ఆ వేషగాడికి అరవై దాటాయి. మాను పొడవు నలభై అడుగులకు పైనే. మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కుతాడు, కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు, పైకి చేరాక ఆయన నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. మూడు గంటల కార్యక్రమం. ల్యాబు నుంచి వచ్చిన ఫైలులో ఆయన సగం ఎక్కి, ఎడమ చేత్తో మాను పట్టుకుని, కుడి చేయి చాచి పద్యం ఎత్తుకుంటాడు. మొదటి పాదం అయ్యేసరికి బొమ్మ బిగుసుకుపోతుంది. తర్వాతి ఫైలులో జనం విభూతి తుడుచుకుంటూ ఇళ్లకు పోతుంటారు. ఆయన 2018లో పోయారు. నా దగ్గర ఆయన ఇంకా మాను మీదే ఉన్నారు.

ఇప్పుడు ఏం చేస్తున్నానో కూడా చెప్పేస్తాను. డిస్కులు రెండు, వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు ఏళ్లలో కొన్నవి. ఒకటి మా బీరువాలో, ఒకటి చిత్తూరులో కూతురింట్లో. ఫొటోగ్రాఫర్లు మూడు–రెండు–ఒకటి అంటారట: మూడు నకళ్లు, రెండు రకాల సామగ్రి మీద, ఒకటి ఇంటి బయట. నా మూడోది ఆన్‌లైన్‌లో ఉంది, అంతా కాదు, ఏరిన హరికథల ఆడియో మాత్రమే. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో అంతకంటే పట్టదు, నెల నెలా కట్టడానికి పింఛను ఒప్పుకోదు. ఆన్‌లైన్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక: మా మనవడు ఫోనులో ఫొటోలు చెరిపితే అక్కడా చెరిగాయి. రెండు చోట్లా ఒకేలా ఉంచడం దాని పని, దాచిపెట్టడం వేరు. దిమ్మెల్లాంటి కొత్త రకం డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు కొనమని అల్లుడు అంటున్నాడు. లోపల తిరిగేది ఏదీ లేదు, నా కాలికి తగిలినా భయం లేదు, ఒప్పుకుంటాను. కానీ అందులో చెరిపినవి చాలావరకు తిరిగి రావు, పోయేముందు టిక్ టిక్ అని చెప్పే అలవాటు కూడా దానికి తక్కువ.

మార్చి 31 ప్రపంచ బ్యాకప్ దినమట. ఉగాది అటూ ఇటూగా అప్పుడే వస్తుంది కాబట్టి పంచాంగం విన్నాక చిత్తూరు వెళ్లి డిస్కులు మార్చుకుంటాను, దసరాకు మళ్లీ. కాపీ అయిందని తెర మీద గీత నిండినంత మాత్రాన నమ్మను. చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌లా చెప్పకుండా ఏదో ఒక ఫైలు తెరిచి, మధ్యకు జరిపి, ఐదు నిమిషాలు చూస్తాను. డిస్కు ఆరోగ్యం చెప్పే ఉచిత ప్రోగ్రాం ఒకటి పిల్లవాడు పెట్టి ఇచ్చాడు. చెడిన చోట్ల లెక్క సున్నా ఉన్నంతకాలం నీలం, పెరిగితే పసుపు. పసుపు శుభమని ఊరుకోకూడదు.

తాళ్లపాకవారి రాగిరేకులు కొండ మీద దొరికిన ఊరు మాది. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడంటారు, దొరికినవి 12 వేల పైచిలుకు. రాగిరేకు కిందపడితే సొట్ట పడుతుంది, అక్షరం పోదు. అంత గట్టిగా చెక్కిస్తేనే సగం కూడా మిగల్లేదు, ఇక నా ప్లాస్టిక్ డబ్బా ఎంత.

కాబట్టి నా మనవి: వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. కిందపడిన డిస్కును ఫ్రీజర్‌లో పెట్టవద్దు, మూత తీయవద్దు, చప్పుడు తేడాగా ఉంటే మళ్లీ తగిలించవద్దు అని. మూడు వాక్యాలు చాలు, చిట్కాకూ మీరు అంతే ఇచ్చారు. దుకాణాలవాళ్ల సంతకం సంగతి వీలైతే విడిగా రాయించండి.

ఉత్తరం వేస్తే నా పేరు మాత్రం వేయకండి. చెన్నై ఖర్చు మొత్తం పదివేలని ఇంట్లో చెప్పి ఉన్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత కండక్టర్,
జీవకోన, తిరుపతి